ఒక చెయ్యి కావాలె

నెహెమ్యా మార్చి నెలల పుణె పోయిండు.
పోయేముందు బంతిని నా ఒళ్లె పెట్టి
"గాలి తగ్గనియ్యకు" అన్నడు, అంతే.
ఏడేండ్లు నాకు విసిరిన చెయ్యి
స్లీపర్ కోచ్ కిటికీలకెళ్లి ఊగి
జేమ్స్ స్ట్రీట్ మలుపుల కనపడకుండ పోయింది.

మాది గుండ్రని బంతి ఆట కాదు.
అటుఇటు కోసుగ, నడుమ పొట్టతోని ఉంటది.
జింఖానాల క్రికెట్ పోరగాళ్లు దాన్ని కొబ్బరికాయ అంటరు.
"అన్నా, మీ కొబ్బరికాయ మా పిచ్చు మీద పడ్డది!"
కాలుతోని తంతరు. అది ఎటో పోతది,
అనుకున్న దిక్కు ఎన్నడు పోదు.

విసిరేటోన్ని క్వార్టర్‌బ్యాక్ అంటరని
అమ్మకు ఒకసారి చెప్పిన:
పెండ్లిల నిలబడి వడ్డన నడిపించే మనిషి లెక్క,
ఏ పంక్తిల ఎవరికి పప్పు అందలేదో
చూడకుండనే చూసేటోడు.
"అట్లాంటోడు పెండ్లికే దొరకడు బిడ్డా" అన్నది.

ఏప్రిల్ అంత ఎతికినం. షకీబ్ బండి, నా పెట్రోలు.

గచ్చిబౌలిల ఈటె విసిరే పిల్లగాడు.
బంతి పోయింది, పోయింది,
అందరం మొఖాలెత్తి చూసినం.
పడ్డకాడ ఎవ్వలు లేరు.
వాడు సంతోషంగ టేపు పట్టి కొలుసుకున్నడు.

అల్వాల్ ఫాస్ట్ బౌలర్ విసిరితె
ఆ బంతి నా ఛాతి మీద మూడు రోజులున్నది.
మనిషి ఉన్నకాడికి విసురుతడు.
ఉండబోయే కాడికి అంటె వానికి అర్థం కాలే.

కొండాపూర్ సారుకు ఆటంత తెలుసు,
అర్ధరాత్రి లేచి టీవీల చూస్తడట.
బోర్డు మీద గీతలు గీసిండు, ముగ్గు లెక్క.
ఇద్దరు మీదికి ఉరికొస్తె కండ్లు మూసుకున్నడు.

ఒకాయన కొడుకును రెక్క పట్టి తెచ్చిండు.
"ఇది ఏ కోటాల వస్తది? సర్టిఫికెట్ ఇస్తరా?"
షకీబ్ నా దిక్కు చూసిండు.
నేను బంతి దిక్కు చూసిన.

నేను ఉరికేటోణ్ణి.
పది గజాలు సీదా, ఎడమకు కోత,
వెనక్కి చూడద్దు, చూస్తె అడుగు తగ్గుతది.
నేను చేరకముందే బంతి బయల్దేరాలె,
నేను లేని జాగకు,
వస్తనని నమ్మి.
ఆ నెలంత పొద్దుగాల ఒట్టిగనే ఉరికిన.
మళ్లి చేతులు చాపిన.
చేతులల్ల ఎండ పడ్డది.

మే పదకొండు. మామ జ్యూస్ బండికి
తర్బూజలు తేను బాటసింగారం పోయిన.
రాత్రి ఒంటిగంట. లారీ మీద ఒకడు,
కింద ముగ్గురు, ఎవ్వలు ఒక్కకాడ నిలబడతలేరు.
పైనోడు కాయ దిక్కు చూస్తలేడు.
పండ్ల నడుమ బీడీ, ఏందో ముచ్చట,
కింద నవ్వుతున్నరు.
కాయ లేస్తున్నది
నడిచేటోని అడుగు ముందలికి,
వాడు చేతులు తెరిసే యాల్లకు.
ఆరు కిలోలు. చప్పుడు లేదు.
ముసలాయనకు ఎత్తుగ, మెల్లగ,
దిగేటప్పుడు బరువు మరిచినట్టు.
పడుసోనికి తాడు గుంజినట్టు సక్కగ.
లెక్కపెట్టిన. నూట నలభై రెండు. ఒక్కటి పలగలే.

పేరు కుర్మయ్య. మక్తల్ దిక్కు.
సంచిలకెళ్లి బంతి తీసి ఇచ్చిన.
అటుఇటు తిప్పిండు,
ఏలుతోని కొట్టి చెవి కాడ పెట్టుకున్నడు.
"పండలే" అన్నడు.

"ఆదివారం జింఖానా రా."
"ఏమిస్తరు?"
"చాయ్, ఉప్మా."
"లోడుకు ఏడు నూర్లు. ఆదివారం రెండు లోడ్లు."

షకీబ్‌కు ఫోన్ చేసిన.
ఏడుగురం, తలా రెండు నూర్లు,
ఒక్క ఆదివారానికి సరిపోతది.
"పొద్దున మాట్లాడుదం" అన్నడు నిద్రలనే.

కుర్మయ్య ఇంక బంతి ఇయ్యలే.
బీడీ పారేసిండు.
"ఉరుకు" అన్నడు.
"ఎటు?"
"నీ ఇష్టం."

రెండు లారీల నడుమ సందుల ఉరికిన,
వరిగడ్డి, పలిగిన తొక్కలు,
పడుకున్న కుక్క మీదికెళ్లి దునికి
ఎడమకు కోసిన.
వెనక్కి చూడలే.